ఎద్దు గుణానికి పూచీ

మా ఇంట్లో మిక్సీ పాడైంది. ఇదేమీ లోకానికి చెప్పుకోవలసిన సంగతి కాదని తెలుసు. కానీ దానికి రెండేళ్ల గ్యారంటీ ఉంది, కొని ఏడాది కాలేదు. కార్డు జేబులో పెట్టుకుని, పెళ్లికి పోతున్నవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని అంగడికి పోయాను. అంగడాయన కార్డును రెండు వైపులా భక్తిగా చూసి, "గ్యారంటీ మోటారుకు సార్. మీకు పోయింది జారు" అన్నాడు. జారు లేకుండా ఉత్త మోటారుతో చట్నీ ఎలా రుబ్బుకోవాలని అడిగాను. ఆ వివరం కార్డులో లేదన్నాడు. నిజమే, లేదు. ఇంటికొచ్చి రోలు కడిగాను.

రోలు కడుగుతుంటే ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆయన తన జన్మలో ఎవరికీ ఒక్క కార్డు రాసివ్వలేదు. రాయడం వచ్చేది కూడా కాదు. కానీ ఆయన పూచీ పడిన సరుకుతో పోలిస్తే మిక్సీ మోటారు ఏపాటిది? ఆయన ఎద్దుల గుణానికి పూచీ పడేవాడు. పళ్లకు కాదు, కొమ్ములకు కాదు. గుణానికి.

పేరు రాయను. పోయిన మనిషి, నేను తప్పు రాస్తే వచ్చి సరిదిద్దలేడు. నాకు వరసకు మామ. నాగలమడిక దగ్గర మా పల్లెలో, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. ఎద్దుల బేరగాడు. ఆ పనిలో నిజం చెప్పేవాళ్లు చాలా తక్కువ గనక, చెప్పిన ఒక్కడికీ మంచి గిరాకీ ఉండేది. చివరి ఏళ్లలో మాత్రం బేరాలు మానేశాడు. ఎందుకు మానేశాడో ఊళ్లో తలా ఒక కారణం చెప్పేవారు. మోకాళ్లని కొందరు, ట్రాక్టర్లని కొందరు. నాకు తెలిసిన కారణం వేరే.

ఎద్దును కొనడానికి వచ్చిన ఎవడైనా ముందుకు పోయి, నోరు తెరిచి పళ్లు చూస్తాడు. మామ వెనక్కి పోయేవాడు. దాని వెనక కాళ్లకు సరిగ్గా అందేంత దూరంలో, దానికి వీపు పెట్టి గొంతుక్కూర్చుని బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేదాకా ఎవరితోనూ మాట లేదు. బీడీ చివరికొచ్చాక, తల తిప్పకుండా, ఒళ్లో దాచుకున్న ఇత్తడి పళ్లాన్ని బండ మీద ధనామని పడేసేవాడు. చుట్టూ ఉన్న మనుషులు ఉలిక్కిపడేవారు. వాళ్లతో ఆయనకు పని లేదు. ఎద్దు చెవి తిప్పి ఊరుకుంటే మంచిది. దాని చర్మం వణికితే ఆలోచించాలి. కాలు లేస్తే మాత్రం ఆలోచించే అవకాశం ఉండదు. ఆయన నడుముకు కుడిపక్కన అర్ధచంద్రాకారంలో ఒక మచ్చ ఉండేది. దాన్ని చూపించి, "ఇది నేను ఫెయిలైన పరీచ్చప్పా" అనేవాడు.

పళ్లెం అత్తది. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టింది. అంచు మొత్తం నొక్కులు పోయి చూడటానికి అప్పడంలా ఉండేది. "తట్టలో సంగటి పెట్టుకుంటే యాడ గుంత ఉంటే ఆడికి జారిపోతాది" అని అత్త ఫిర్యాదు. మామ ఆ ఫిర్యాదును ఒక్కసారి కూడా విచారణకు స్వీకరించలేదు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. నేను తుమకూరులో బి.ఎస్సీ. చదివి, ఉద్యోగం రాక, ఊళ్లో అరుగుల మీద నా డిగ్రీని ఎండబెట్టుకుంటున్న రోజుల్లో దాన్ని నాకు చాలాసార్లు వినిపించాడు.

"గొడ్డుకు గుణం పుట్టేటప్పుడే వస్తాదల్లుడా. మద్దెలో వచ్చేది లేదు, పొయ్యేది లేదు. నువ్వు కప్పను కోసినావంట కదా కాలేజీలో?"

"కోసినా మామా."

"దాని గుణం ఎట్లుండె?"

"కోసేటప్పటికే చచ్చిపోయిందే. గుణం కనపళ్లేదు."

"చూసినావా! కోసినా కనపడేది కాదది." తన సిద్ధాంతానికి విశ్వవిద్యాలయం మద్దతు దొరికినట్టు సంతోషపడ్డాడు.

ఆ సిద్ధాంతం మీదే ఆయన పూచీ నిలబడి ఉండేది. ఎద్దు ముక్కుతాడు కొన్నవాడి చేతికిస్తూ, "ఒక విత్తనం పొయ్యేదాకా నా మాట. అంతలోపల బెదిరిందంటే నేనే వచ్చి తోలుకొని పోతా, ఇంగో ఎద్దు కట్టి పోతా" అనేవాడు. విత్తనం అంటే మా వైపు విత్తే కాలం. బెదురు అంటే మాకు చిన్న మాట కాదు. కుంటి ఎద్దుతో మెల్లగానైనా దున్నవచ్చు, ముసలి ఎద్దును బతిమాలుకోవచ్చు. బెదురుగొడ్డును కాడికి కడితే అది ఏ నిమిషంలో ఎటు లగెత్తుతుందో, వెనక ఉన్న మనిషిని ఎక్కడికి ఈడ్చుకుపోతుందో తెలియదు. కర్ణాటకలో ఉన్నా తెలుగే మాట్లాడే మా పావగడ తాలూకాలో అప్పట్లో పండేవి రెండే, వేరుశనగ, కరువు. ఒకటి రాని ఏడాది రెండోది తప్పకుండా వచ్చేది. కురిసిన ఒక్క వానకు నేల పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆ నాలుగు రోజుల్లో ఎద్దు బెదిరిందంటే ఆ ఏడు పోయినట్టే.

ఇక పొడి మందు సంగతి.

వేరుశనగ చేలకు కంబళి పురుగు పడినప్పుడు చల్లే పొడి అది. ఆ ఏళ్లలో మా పల్లెల్లో ఉప్పు లేని ఇల్లుండొచ్చేమో గాని, పొడి మందు లేని ఇల్లుండేది కాదు. ఆడవాళ్లు పాతచీర ముక్కలో మూటకట్టి, కర్రతో తట్టుకుంటూ సాళ్ల వెంట పోయేవారు. మిగిలింది ఇంటికొచ్చేది. చీమలకు చల్లేవారు, నులకమంచంలో నల్లులకు చల్లేవారు. మా అత్త ఒకసారి తలలో పేలకు కూడా రుద్దుకుంది. పేలు పోయాయి, అత్త ఉంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి?

మామ దాన్ని ఎద్దులకు పూసేవాడు. పశువుల పరసకు, అంటే ఏడాదికోసారి జరిగే పశువుల జాతరకు, పోయే ముందు ఎద్దును కడిగి, దోసిలి నిండా పొడి తీసుకుని, వేరుశనగ నూనెలో కలిపి, మెడ నుంచి తోక దాకా వెంట్రుక వాలు వెంబడి రెండు చేతులా రుద్దేవాడు. నెత్తురు తాగే పిడుదులు గింజల్లా రాలిపోయేవి. ఒళ్లు అద్దంలా మెరిసేది. ముక్కవాసన వీధి చివరి దాకా వచ్చేది. ఇందులో మోసం ఏమీ లేదు. పిడుదులు పట్టిన ఎద్దు ఊరికే తోక ఆడిస్తుంది, కాలు తాటిస్తుంది. అది గుణమో దురదో చూసేవాడికి తెలియదు. పిడుదులు పోతే ఎద్దు నిలకడగా నిలబడుతుంది, దాని అసలు గుణం బయటపడుతుంది. ఎద్దును నిజాయితీగా చూపించడానికే పూసేవాడాయన. అమ్మేదాకా వారానికోసారి పూసేవాడు. కొన్నవాడికి కూడా ఇంత పొడి కాగితంలో కట్టిచ్చి, పూసే పద్ధతి నేర్పించి పంపేవాడు. అది పూచీతో పాటు ఉచితం.

పొడి సంచులు కొట్టంలో ఒక మూలన ఉండేవి. వాటి మీద ఆయన కుక్క పడుకునేది. ఒకప్పుడు ఆ కుక్క బాగా పేరున్న కుక్క. పోస్టుమ్యాను, లైన్‌మ్యాను దాన్ని అడిగి లోపలికి వచ్చేవారు. కొన్నాళ్లకు అది కొట్టం స్తంభాన్ని చూసి మొరగడం మొదలుపెట్టింది. స్తంభం అక్కడికి కొత్తగా వచ్చింది కాదు. కుక్క పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. "దీనికి స్తంభంతో ఏం తగాదా మామా?" అంటే, "ముసల్ది అయింది లేప్పా" అన్నాడు. అప్పటికి దాని వయసు ముసలితనానికి చాలదు. నేను గట్టిగా అడగలేదు. నాకూ స్తంభానికీ ఏ సంబంధమూ లేదు.

ఎనభైల్లో, కచ్చితంగా ఎప్పుడో చెప్పలేను, తాలూకా అంతటా బెదురు పెరిగింది. మామ అమ్మినవే కాదు, ఎవరు అమ్మినవైనా. కాగితం ఎగిరితే ఎద్దు లగెత్తేది. మడక తిప్పేచోట తిరగడం మరిచిపోయి, పొలం దాటి పక్కవాడి పొలాన్ని కూడా పుణ్యానికి దున్నేది. కారణాలకు కొరత లేదు. బోరు బండ్ల చప్పుడని కొందరు, కరువుకు గడ్డిలో సారం లేదని కొందరు, టీవీ వచ్చిందని ఒకాయన. ఎద్దు టీవీ ఎక్కడ చూసిందని అడిగితే, చూడనక్కరలేదు, గాలి చాలు అన్నాడాయన. మామ తీర్పు వేరే.

"మనుషుల్లో నీతి పాయె. గొడ్లలో మాత్రం యాడ మిగులుతాది?"

ఆ మాట ఆయన టీకొట్టు ముందు నిలబడి అంటుండగానే వెనక బస్సు హారను కొట్టింది. ఆయన చేతిలో గ్లాసు ఎగిరి, టీ అంతా పంచె మీద పడింది. ఆయనకు బస్సులు కొత్త కాదు. ఆ బస్సు, ఆ హారను, ఆ డ్రైవరు, అన్నీ రోజూ వచ్చేవే.

"మామా, నిన్నెవరైనా పరసకు తోలుకొని పోతే తట్ట పరీక్షలో తప్పుతావు" అన్నాను.

మామూలుగా నా ఎగతాళికి తానే ముందు నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. తడి పంచెను వేళ్లతో దూరంగా పట్టుకుని, ఆ వేళ్లనే కాసేపు చూసుకున్నాడు.

నిడుగల్లు కొండ కింద పల్లె నుంచి ఒకామె వచ్చింది ఆ ఏడాది పరసకే. మొగుడు బెంగళూరులో గారపనికి పోయాడు. ఇంట్లో ఒక ఎద్దుంది, దానికి జత కావాలి. సేద్యమంతా ఆమే చేసుకునేది. పరసలో ఆడమనిషి ఎద్దు బేరానికి ఒంటిగా వస్తే చుట్టూ పదిమంది సలహాదారులు చేరతారు. ఆమె ఎవరి మాటా వినలేదు. మామ దగ్గర ఉన్న ఒక బూడిదరంగు ఎద్దు ముందుకు పోయి, దాని మూతి కింద అరచెయ్యి పెట్టి ఊరికే నిలబడింది. అది కాసేపు వాసన చూసి చెయ్యి నాకింది.

"ఇదే ఇయ్యన్నా" అంది.

"గుణం చూసుకోమ్మా ముందు" అని మామ తన పద్ధతి ప్రకారం వెనక్కి పోయి, బీడీ తాగి, పళ్లెం పడేశాడు. ఎద్దు చెవి మాత్రం తిప్పింది. అది ఆయన చేతికొచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. పొడి పూసింది ఒక్కసారే.

"ఒక విత్తనం పొయ్యేదాకా నా మాట" అన్నాడు మామ.

"సరేన్నా" అని ఆమె తాడు అందుకుంది. ఆ మాటను ఆమె పెద్దగా పట్టించుకున్నట్టు నాకనిపించలేదు. మామ కట్టిచ్చిన పొడి పొట్లాన్ని మాత్రం జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది.

తర్వాతి విత్తనానికి మంచి వాన పడింది. ఆమె విత్తే గొర్రు కట్టింది. మూడో సాలు పోతుండగా గట్టు మీద పెట్టిన ఖాళీ విత్తనాల సంచి గాలికి లేచింది. బూడిదరంగు ఎద్దు లగెత్తింది. కాడికి రెండో పక్కనున్న ఎద్దు కాలు మెలిపడింది, గొర్రు పళ్లు విరిగాయి, గింజలు గట్టున పోయాయి. ఆమె తాడు వదల్లేదు. ఎద్దు ఆమెను చేను చివరి దాకా ఈడ్చుకుపోయింది. ఈ సంగతి సాయంత్రానికల్లా ఒక బస్సు కండక్టరు మామకు చేరవేశాడు. మామ ఆ రాత్రి తిన్నాడో లేదో తెలియదు గాని, తెల్లవారుజామున మా తలుపు తట్టాడు. తోడుకు రమ్మన్నాడు. తన కొట్టంలో ఉన్న అన్నిటికంటే నిదానమైన పెద్ద ఎద్దును తెలిసినవాడి లారీలో ఎక్కించాడు.

మేము పోయేసరికి ఆమె మోచేతులకు పసుపు పట్టించుకుని గాడి దగ్గర కూర్చుని ఉంది. బూడిదరంగు ఎద్దు ఆమె భుజం మీదుగా మేత అందుకుంటోంది.

"మాట ఇచ్చినా కదమ్మా. తోలుకొని పోతాను. దీన్ని కట్టుకో" అన్నాడు మామ.

"ఉండనీ అన్నా. నిన్న బెదిరింది గాని, నేను పోయి మెడ మీద చెయ్యేస్తే నిలబడిపాయ. నాలుగు దినాలు పోతే మరుపుకొస్తాది."

"బెదురు మరుపుకు రాదమ్మా. అది పుట్టుకలోనే ఉండాది. నాకే కనపళ్లేదు."

"చెడ్డదైతే నా చేతిలో మేత తింటాదా?"

"తింటాది. రేపు నిన్ను గట్టుకేసి కొడ్తాది. ఊరోళ్లంతా ఏమంటారు? వాడి మాట నమ్మి కొనుక్కుంది, సచ్చింది అంటారు. నా మాట పోతాదమ్మా."

"నీ మాట నేనేం చేసుకుంటాన్నా? నాకు ఎద్దు గావల్ల."

"ఎద్దునే ఇస్తాండా కదా! దీనికంటే మంచిది!"

ఆమె పెద్ద ఎద్దును చూసింది. అది మంచిదే. ఎవరు చూసినా మంచిదే అనేటట్టుంది. ఆమె బూడిదరంగు ఎద్దు తాడు విప్పింది. విప్పిన తాడును వెంటనే ఇవ్వలేదు. బూడిదరంగు ఎద్దు మా వెంట రావడానికి రెండుసార్లు మొరాయించింది. "చూసినావా, ఎట్ల మొండికేస్తాండాదో" అన్నాడు మామ నాతో. మొండికేయడంలో దాని గుణం కనిపించిందాయనకు. నాకైతే అది ఇల్లు వదిలిపోనంటున్నట్టు కనిపించింది. కానీ నేను అప్పటికి కప్పల దాకానే చదివాను.

దాన్ని ఏం చేయాలన్నది మామకు పెద్ద ప్రశ్న కాలేదు. బెదురు ఉందని తెలిసీ ఇంకొక రైతుకు అమ్మడం పాపం. అబద్ధం చెప్పి అమ్మడం ఆయనకు రాదు. నిజం చెబితే కొనేవాడు లేడు. అంత నిజాయితీ ఉన్న మనిషికి మిగిలింది ఒకే దారి. పావగడ సంతలో కోతకు కొనేవాళ్లకు అమ్మేశాడు. తాడు మాత్రం విప్పుకున్నాడు. అది మా వైపు పద్ధతి, కోతకు అమ్మితే తాడు అమ్మినవాడిదే. ఎద్దును ఏం చేశాడని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. నష్టం ఆయనదే. దాని గురించి గర్వంగా కూడా ఉండేవాడు. "మాట కోసం ఎద్దును పోగొట్టుకున్నా" అని టీకొట్టు దగ్గర చెబితే, నలుగురూ తలలూపేవారు.

మరుసటి ఏడు ఆయన ఒకే ఆవుకు పుట్టిన రెండు కోడెలను కొన్నాడు. వాటిలో ఒకదానికి కాడి రాసుకుని మెడ మీద పుండు పడింది. పుండున్న చోట నూనె, పొడి రుద్దితే మండుతుందని అత్త అడ్డం పడింది. దానికి వేపనూనె రాసి వదిలేశారు. రెండోదానికి మామూలుగా పొడి పూత. రెండు నెలలు గడిచేసరికి పొడి పూసినది నీడకు కూడా అదిరిపడుతోంది. పుండుది మాత్రం పళ్లెం పడేసినా నెమరు ఆపదు.

"పుండు నొప్పికి దీనికి బెదిరేకి తీరిక లేదు" అని సర్దిచెప్పుకున్నాడు మామ.

పుండు చూడటానికి పావగడ నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. ఆయనది ఉత్తర కర్ణాటక. మా తెలుగు అర్థమయ్యేది గాని, తాను మాట్లాడితే పుస్తకం చదివినట్టుండేది. ఆయన వచ్చినప్పుడు మామ రెండో కోడెకు పొడి రుద్దుతున్నాడు. డాక్టరు పుండు సంగతి వదిలేసి అటే చూశాడు.

"నూనెలో కలిపారా?"

"కలపకుంటే అంటుకోదు కదా సామీ."

"నూనె లేకపోతే కొంతైనా పైపైన రాలిపోయేది. నూనె దాన్ని తోలు లోపలికి తీసుకుపోతుంది. మిగిలింది అది నాకి మింగుతుంది."

"సచ్చేంత కాదు కదా?"

"చచ్చేంత కాదు. చచ్చేంత అయితే మీరు ఎప్పుడో మానేసేవారు" అన్నాడు డాక్టరు. "ఇది చంపదు. నరాలను బిగించి పెడుతుంది. చిన్న చప్పుడు దానికి పెద్ద చప్పుడు. కాకి ఎగిరితే పులి లేచినట్టు. మీ ఎద్దులు బెదురుతున్నాయా?"

"పూసేది మానేస్తే?" అన్నాడు మామ.

"మెల్లగా దిగిపోవచ్చు. నేను మాట ఇవ్వలేను. చూడాలి." డాక్టరు మామ చేతుల వైపు చూశాడు. "చేత్తోనే పూస్తారా?"

"చెయ్యి గాక కాలితో పూస్తారా సామీ?"

డాక్టరు పుండుకు మందు రాసిచ్చి పోయాడు.

మామ రెండు రోజులు డాక్టరును తిట్టాడు. పుస్తకాలు చదివినవాళ్లకు ఎద్దు గుణం ఏం తెలుసన్నాడు. ఎదురుగా బి.ఎస్సీ. వాడిని కూర్చోబెట్టుకుని అన్నాడు గనక నాకూ వాటా దక్కింది. మూడో రోజు అత్త చేత కుంకుడుకాయలు కొట్టించి, పొడి పూసిన కోడెను తోలు తెల్లబడేదాకా కడిగాడు. సంచులను కొట్టం నుంచి తీయించాడు. కుక్కకు పడక లేకుండా పోయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే కోడె వెనక కూర్చోవడం, బీడీ తాగడం, పళ్లెం పడేయడం. మొదట్లో పళ్లెం పడగానే కోడె గుంజను పెరికినంత పని చేసేది.

"అది బెదిరేది ఎప్పుడు మానుకుంటాదో గాని, పొద్దున్నే ఈ చప్పుడుకు నేను సస్తాండా" అని అత్త వంటింట్లోంచి అరిచేది.

"నూనెలో కలిపి పూసుకోలేదు కదా నువ్వు, తట్టుకుంటావులే."

"నీకు పెండ్లానికంటే గొడ్డే ఎక్కువాయ!"

"గొడ్డు ఇట్ల అరవదు కదమ్మే."

పిడుదులు మళ్లీ పట్టాయి. ఆయన కూర్చుని ఒక్కొక్కటే చేత్తో పీకి కిరసనాయిలు డబ్బాలో వేసేవాడు. నెలలు గడిచాయి. వానలు వచ్చి పోయాయి. వేరుశనగ చెట్లు పీకే రోజుల్లో ఒక పొద్దున పళ్లెం పడ్డ చప్పుడు వినిపించింది, దాని వెనక ఏ చప్పుడూ రాలేదు. నేను పోయి చూస్తే, కోడె చెవి ఒక్కటి వెనక్కి తిప్పి నెమరు వేస్తోంది. మామ ఇంకా దానికి వీపు పెట్టే కూర్చుని ఉన్నాడు. బీడీ ఆరిపోయింది. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"చూసినావా అల్లుడా? గుణం యాడికీ పోలేదు. లోపల్నే ఉండాది. పైన ఆ పొడి కూర్చోనుండె."

పుట్టుకతో వచ్చిన గుణం మధ్యలో పోదన్న ఆయన సిద్ధాంతం ఒక రకంగా గెలిచింది. ఇంకో రకంగా చూస్తే, అన్నేళ్లుగా ఆయన చెడ్డవని తేల్చి పంపిన ఎద్దుల సంగతేమిటన్న ప్రశ్న ఉంది. మనం ఒకరిని కోపిష్టి అంటాం, పిరికి అంటాం, మొండి అంటాం, అదంతా వాళ్ల పుట్టుకకు కట్టేస్తాం. వాళ్ల ఒంటికి ఎవరు ఏం పూశారో అడగం. ఇలాంటి ఆలోచనలు నాకు ఆ పూట వచ్చాయి. మామకు రాలేదు. ఆయన సంతోషంలో ఉన్నాడు.

"బండి తియ్యి. నిడుగల్లు పోదాం."

"ఇప్పుడా?"

"ఆయమ్మకు చెప్పల్ల. నా మాట తప్పు కాదని చెప్పల్ల. ఆ ఎద్దుది మంచి గుణమేనని నేను ఆ పొద్దే చెప్పలేదా? నా కన్ను తప్పలేదల్లుడా!"

నా మోపెడ్ మీద ఇద్దరం బయలుదేరాం. వెనక కూర్చుని దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమెకు చెప్పాక ఎవరెవరికి చెప్పాలో, ఏ పల్లెకు ముందు పోవాలో, పరసలో మైకు పట్టుకుని ఎలా చెప్పాలో. ఒక లారీ పక్కనుంచి హారను కొట్టుకుంటూ పోతే నా భుజాన్ని గట్టిగా పట్టుకుని, అది పోయాక మళ్లీ అందుకున్నాడు. నాకు ఒక విషయం తోచింది గాని, ఆ రోడ్డు మీద గుంతలు ఎక్కువ. దారి చూసుకున్నాను.

ఆమె కళ్లంలో కూర్చుని చెట్ల నుంచి వేరుశనగ కాయలు తెంపుతోంది. మామ ఇచ్చిన పెద్ద ఎద్దు పక్కన కట్టేసి ఉంది. ఆరోగ్యంగా ఉంది. మమ్మల్ని చూసి ఆమె లేచి, రెండు చెంబుల్లో మజ్జిగ తెచ్చిచ్చింది. మామ మజ్జిగ పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. పొడి, నూనె, పుండు, డాక్టరు, కుంకుడుకాయలు, పళ్లెం. చేతులు తిప్పుతూ, లేచి నిలబడి, కోడె చెవి ఎలా తిప్పిందో తన చెవితో చేసి చూపించాడు. ఆమె పని ఆపకుండా విన్నది. పొడి పొట్లం సంగతి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

"ఆ పొట్లం నేను నువ్వు చెప్పినట్లే పూసినా అన్నా. వారం వారం."

"పూసుంటావమ్మా. నేనే కదా చెప్పింది. అందుకే బెదిరింది. దానిది తప్పు కాదు, నీది కాదు. గుణం మాత్రం మంచిదే!"

"అయితే అది చెడ్డది కాదంటావు."

"కాదంటే కాదమ్మా!"

"కడిగి ఇడిసిపెడితే మళ్లీ నెమ్మదైపోతాదంటావు. నీ కోడె మాదిరి."

"అవుతాది. కండ్లారా చూసొచ్చినా, నా మాట నమ్ము."

ఆమె ముఖం విప్పారింది. చేతిలోని చెట్టును పక్కన పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. పోయి పెద్ద ఎద్దు ముక్కుతాడు గుంజ నుంచి విప్పి, తెచ్చి మామ చేతిలో పెట్టింది.

"అయితే ఇంగేమన్నా. నీ ఎద్దును నువ్వు తోలుకొని పో. నా ఎద్దును నాకు తోలుకొని రా."